మా రాజ్యం అక్క చేతి చలవ

రాజ్యం అక్కా, నిన్న మా ఇంటి మల్లెచెట్టు ఫోటో పెట్టి "ఎక్కడున్నా నా చేతి చలవే కదా" అని రాశావు. అందరూ దండాలు పెట్టారు. బాగానే ఉంది. ఒక్క సవరణ... ఆ చెట్టును మార్టూరులో తవ్వింది నేను, తెచ్చింది నేను, నాటింది నేను. ఆ ఫోటో తీసింది కూడా నేనే.

ఈ చేతి చలవ గొడవ తెలియని మిత్రుల కోసం మొదటి నుంచీ చెబుతాను.

మా చిన్నప్పుడు... అద్దంకి దగ్గర మా పల్లెలో పెదనాన్నగారి ఇంటికీ మా ఇంటికీ ఒకటే దొడ్డి. రాజ్యం పెదనాన్న కూతురు, నాకంటే ఏడాది పెద్ద. దొడ్లో నాయనమ్మ మల్లెకు అంటు తొక్కింది. అంటే కొమ్మను వంచి మట్టిలో పాతితే, అక్కడే వేళ్లు పోసుకుంటుంది. తొలకరి పడగానే మా ఇద్దరికీ చెరొకటి చూపించి, "తవ్వుకుని ఎవరి గుమ్మం పక్కన వాళ్లు పెట్టుకోండే" అంది.

నేను శాస్త్రం తెలిసినదాన్ని. మిరప పండించే ఇంట్లో పుట్టినదాన్ని. నారు పీకేటప్పుడు ఆడవాళ్లు వేళ్లకున్న మట్టి దులిపి కట్టలు కట్టడం చూస్తూ పెరిగాను. నేనూ అంటును పీకి, మట్టంతా దులిపి, అది చాలదన్నట్టు చెంబుడు నీళ్లతో వేళ్లు కడిగి, తలంటుపోసిన పిల్లలా తయారుచేసి మరీ నాటాను.

రాజ్యానికి దులపడానికి కూడా బద్ధకం. పారతో గడ్డ మొత్తం పెళ్లగించి, తట్టలో వేసి ఈడ్చుకెళ్లి, గోతిలో దించి, కాలితో అదిమి అష్టాచెమ్మాకు పోయింది.

వారం తిరక్కుండా నాది పుల్లయింది. దానిది చిగురేసింది.

అక్కడితో అయిపోతే మరిచిపోయేదాన్నే. కానీ మిరప నాటే రోజు వచ్చింది. మా వైపు చేలో తొలి మొక్క మంచి చెయ్యి ఉన్నవాళ్ల చేత పెట్టిస్తారు. మా నాన్న చేను కనుక అది నాదేనని, ఉతికిన పరికిణీ కట్టుకుని అందరికంటే ముందు వెళ్లి గట్టు మీద నిలబడ్డాను. నాయనమ్మ నన్ను దాటి చూసింది.

"ఏమే రాజ్యం, ఇట్టా రా. నువ్వు పెట్టు తొలి మొక్క."

"నాయనమ్మా, ఇది మా చేను!"

"నువ్వు పక్కకి జరగవే చిట్టీ. నీ చెయ్యి వేడి. మల్లెను మాడ్చావు, ఇప్పుడు మిరపను కూడా మాడుస్తావా ఏంది?"

కూలీలంతా నవ్వారు. రాజ్యం జడ వెనక్కి విసిరి, పెళ్లికూతురిలా వంగి మొక్క పెట్టింది. ఆ యేడు మిరప విరగకాసింది. నా ఖర్మ.

ఇక ఏటా అదే. దానికి మార్టూరులో పెళ్లయ్యాక కూడా నాన్న కబురుపెట్టి పిలిపించేవాడు. నేను బాటనీ చదివి, హైస్కూలు పిల్లలకు వేళ్ల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యాను. చేను నాకే వచ్చింది. మా అబ్బాయి చేస్తున్నాడు. వాడూ నాట్లకు ముందు ఫోను చేసేది పెద్దమ్మకే! కన్నతల్లిది వేడి చెయ్యి కదా మరి...

రాజ్యం కాపురానికి వెళ్తూ ఆ మల్లె అంటు ఒకటి తీసుకెళ్లింది. అక్కడా గుబురుగా పెరిగింది, చెప్పాలా! నిరుడు వాళ్ల వాకిలంతా గ్రానైట్ పరిచారు. ఊరి చుట్టూ గ్రానైట్ ఫ్యాక్టరీలున్న మార్టూరులో ఉండి మట్టి వాకిలి ఏం బాగుంటుంది, పాపం.

"చెట్టు కొట్టించేస్తన్నానే. ముసలిది, కదిపితే బతకదు" అంది ఫోన్లో.

బతకదు అంది. అంతే, బయల్దేరాను.

తవ్వే ముందురోజే చెట్టు మొదట్లో మట్టి తడిపించాను. కొమ్మలు కురచగా కత్తిరించాను. చుట్టూ గాడి తవ్వించి, గడ్డ చెదరకుండా తడిగోనెలో బిగించి కట్టించాను. ఆటో మస్తాన్ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

"ఏందమ్మా, ఆస్పత్రి నుంచి బాలింతని తెస్తన్నట్టు కూర్చున్నారు?"

"నోరు మూసుకుని నెమ్మదిగా పోనియ్. గతుకుల్లో మట్టి రాలిందో, చూసుకో!"

మా నల్లరేగడి నీళ్లు పట్టి వేళ్లను కుళ్లబెడుతుంది. అందుకే ఇసుకా, మాగిన పేడ ఎరువూ కలిపి, కాస్త మెరక చేసి నాటాను. తాటాకు నీడ కట్టాను. ఆకులన్నీ రాలిపోయాయి. రోజూ కాఫీ గ్లాసుతో వెళ్లి, పుల్లలను గోటితో గీరి చూసేదాన్ని, లోపల పచ్చగా ఉందా లేదా అని. ఒకరోజు కణుపు దగ్గర ఆవగింజంత చిగురు... కాఫీ చల్లారిపోయింది.

ఈ వేసవిలో విరగబూసింది. మాల కట్టి మార్టూరు పంపాను, ఫోటో కూడా పంపాను. దానికి వచ్చిన ఫలితమే నిన్నటి పోస్టు.

ఇప్పుడు మిరప నారు మడుల్లో పోసేవాళ్లు తగ్గిపోయారు. నర్సరీ నుంచి ట్రేలలో, వేరు చుట్టూ కొబ్బరిపొట్టు ముద్దతో సహా వస్తోంది. దులిపే పని లేదు. లోకమంతా చివరికి మా రాజ్యం బద్ధకం దారికే వచ్చింది! నారు కట్టలూ లేవు, మడి చుట్టూ కూర్చున్న ఆడవాళ్ల వేళాకోళాలూ లేవు... తొలి మొక్క మాత్రం మిగిలింది. మీ ఇళ్లల్లో ఎవరి చేత పెట్టించేవాళ్లో రాయండి. రాజ్యం పేరు తప్ప ఎవరి పేరైనా చదువుతాను.

అక్కా, నీకో పని. ఆదివారం మా నాట్లు. అబ్బాయి ఫోను చేస్తే మోకాళ్ల నొప్పులని వంకలు పెట్టకు. అద్దంకిలో బస్సు దిగి ఒక గోనె సంచీ, పురికొస ఉండ కొనుక్కురా. ఆ మల్లెకు అంటు తొక్కి ఉంచాను, వేళ్లు పోసింది. నీ గ్రానైట్ మీద తొట్టి పెట్టుకుందువుగాని. మట్టి దులపొద్దని నీకు చెప్పనక్కర్లేదు. నేరుగా చేలోకి వచ్చి గట్టు మీద నా పక్కన నిలబడు. తొలి మొక్క నేను పెడతాను. రెండోది నీది.