పచ్చదీపం కింద అమ్మ

ఉద్యోగం వచ్చిందన్న మెయిల్ బ్రాడీపేటలో ఆటో ఎక్కబోతుంటే వచ్చింది. డ్రైవరు "ఎక్కుతావా, లేదా అమ్మా?" అని అరుస్తున్నా నేను ఫోన్ చూసుకుని నవ్వుకుంటూనే నిలబడ్డాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. సైకాలజీ తీసుకున్నానంటే చర్చి దగ్గర అందరూ "పిచ్చివాళ్ళ డాక్టరు చదువా?" అని నవ్వారు. ఇప్పుడు హైదరాబాదులో ఒక కంపెనీ నాకు జీతమిచ్చి పిలుస్తోంది. మనుషుల చేత ఒక పని చేయించాలంటే ఫోన్ తెర మీద ఏ రంగు బటన్ పెట్టాలి, ఏ వేళకి గంట మోగించాలి, అదే నా పని! ఎవరికో ఒకరికి చెప్పకపోతే గుండె ఆగిపోయేటట్టుంది. మైసూరుపాకు డబ్బా కొనుక్కుని ఇంటికి కూడా పోకుండా, ప్రత్తిపాడు రోడ్డులో అమ్మ పనిచేసే మిరపకాయల షెడ్డుకి వెళ్ళిపోయాను.

ఆ షెడ్డులో ఆడవాళ్ళు ఎండుమిరప కుప్ప చుట్టూ గుండ్రంగా కూర్చుని తొడిమలు తుంచుతారు. తుంచిన కాయలు ఎవరి తట్టలో వాళ్ళు వేసుకుంటారు. రోజుకూలి అందరికీ ఒకటే. అమ్మ చెయ్యి నెమ్మది. పెళ్ళికి ముందు పత్తి మిల్లులో నలిగిన బొటనవేలు ఇప్పటికీ వంగదు. అయినా అమ్మ తట్ట ఎప్పుడూ వెలితిగా కనపడేది కాదు. అక్కడ ఒక అలవాటు ఉంది. పక్కదాని తట్ట వెనకబడితే, చెప్పుకుంటున్న కబురు ఆపకుండా, మొహం కూడా చూడకుండా, ఒక గుప్పెడు కాయలు అందులోకి విసిరేస్తారు. ఇచ్చినవాళ్ళు ఇచ్చామనరు. పుచ్చుకున్నవాళ్ళు అడిగి ఎరగరు. చిన్నప్పుడు బడి సెలవుల్లో నేను ఆ గోనెపట్టాల మీద తుమ్ముకుంటూ కూర్చుని చూసేదాన్ని. అమ్మ తట్టలో పడే గుప్పెళ్ళలో సగం మా ఎదురింటి పెద్దమ్మవే.

నాకు ఉద్యోగం వచ్చిన ఆ సీజన్లో ఓనరు తట్టల కింద కాటాలు పెట్టించి, ఒక్కొక్కరి తల మీద రెండేసి దీపాలు కట్టించాడు. అందరికంటే తేలికైన తట్ట ఎవరిదో వాళ్ళ మీద ఎర్రది వెలుగుతుంది. అందరికంటే బరువైన తట్ట ఎవరిదో వాళ్ళ మీద పచ్చది. "నేనెవర్నన్నా తిట్టానా? కూలి కోశానా? దీపమే గదమ్మా!" అనేవాడట. కాకపోతే, సాయంత్రం బెల్లు కొట్టేసరికి ఎర్రది ఎవరి మీద ఉంటే మర్నాడు వాళ్ళని గింజల గదిలోకి పంపేవాడు. మిరపగింజలు జల్లించే గది అది. కిటికీ లేదు. అక్కడ పనిచేసొచ్చినవాళ్ళు దగ్గుతుంటే వీధిలో పిల్లలు కూడా పడుకోలేరు.

ఆ దీపాలు చూడగానే నాకు రెండో సంతోషం. నా పుస్తకంలో పాఠం లేచొచ్చి షెడ్డులో కూర్చున్నట్టుంది.

"నేను చదివింది ఇదే అమ్మా! కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఎవరు వెనకున్నారో నలుగురికీ కనపడితే చాలు, మనిషి తనంతట తనే పరిగెత్తుతాడు!"

"దీనికి డిగ్రీ ఎందుకే? మా అత్తనడిగినా చెప్పుద్ది," అంది కుప్పకి అవతలున్న ఒకావిడ. అందరూ పకపకా నవ్వారు.

"నీ పాఠం మా దగ్గర పారదులేవే, చూడు," అంది పెద్దమ్మ. అప్పుడు ఎర్రది అమ్మ మీదే ఉంది. పెద్దమ్మ ఒక గుప్పెడు విసిరింది. దీపం గెంతి ఇంకొకామె మీద వాలింది. ఆమె తట్టలో ఇంకెవరో గుప్పెడు వేశారు. మళ్ళీ గెంతింది. పొద్దంతా దాన్ని అట్టా మిణుగురులాగా తిప్పుతున్నారు. బెల్లు ముందు అది ఎవరి మీద ఆగాలో కూడా వాళ్ళే అనుకుంటారట. బాలింతల మీదా, దగ్గున్నవాళ్ళ మీదా ఆగనివ్వరు. పచ్చదాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. నాకు ఎంత ముచ్చటేసిందో! కాలేజీలో మాకు సైకాలజీ చెప్పిన మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పాలనిపించింది.

అప్పుడు చెప్పాను ఉద్యోగం సంగతి. అమ్మ "స్తోత్రం యేసయ్యా" అని కారం చేతులతోనే కళ్ళు తుడుచుకుని, మంటకి కెవ్వుమంది. మళ్ళీ నవ్వులు. శుభవార్త వచ్చినదాని తట్ట మిగతావాళ్ళు నింపి, దాన్ని పెందలాడే ఇంటికి పంపడం కూడా అక్కడి అలవాటే.

"పోవే, కూతుర్ని తీసుకుని పో. నీ పని మేం చూసుకుంటాం," అంటూ తలో రెండు గుప్పెళ్ళు అమ్మ తట్టలో పోశారు. పెద్దమ్మ తన తట్టే వంచింది.

అమ్మ తల మీద పచ్చదీపం వెలిగింది.

అమ్మ తలెత్తి చూసింది. మొహమంతా పచ్చగా అయిపోయింది. రేషన్ షాపు క్యూలో కూడా అమ్మ ఎప్పుడూ ముందు నిలబడలేదు. "ఫస్టే! నీలాగే నేనూ ఫస్టే!" అంది నాతో. అందరూ చప్పట్లు కొట్టారు. నేనైతే ఈల కూడా వేశాను.

"పదమ్మా ఇంటికి."

"ఉండవే. బెల్లు కొట్టనీ."

మైసూరుపాకు పంచాను. తింటూ, నవ్వుతూ, మళ్ళీ పనిలో పడ్డారు. చూస్తే ఎర్రది పెద్దమ్మ మీద ఉంది. వేళ్ళు పగిలి ఆమె కుడిచేతికి గుడ్డ కట్టుకుంది. అంతకు ముందే రెండుసార్లు గింజల గదికి వెళ్ళొచ్చిన దగ్గు ఇంకా తగ్గలేదు. ఎవరైనా వేద్దామంటే, అందరి తట్టలూ అమ్మకే వంచేశారు. ఉన్న నాలుగు కాయలూ తీస్తే ఎర్రది తమ మీదికే వస్తుంది. నిండుగా ఉన్నది అమ్మ తట్ట ఒక్కటే. అందరూ అమ్మ వైపు చూశారు.

అమ్మ తొడిమలు తుంచుతూనే ఉంది.

మేస్త్రి బెల్లు దగ్గరికి నడుస్తున్నాడు. పెద్దమ్మ గొంతు సవరించుకుని, "ఏమే, ఒక గుప్పెడు ఇటెయ్యవే," అంది. ఆ షెడ్డులో ఎవరైనా నోరు తెరిచి అడగడం నేను వినడం అదే మొదటిసారి.

అమ్మ చెయ్యి తట్టలోకి వెళ్ళింది. మళ్ళీ తలెత్తి, ఎక్కడ ఆరిపోతుందో అన్నట్టు దీపం చూసింది. చెయ్యి ఖాళీగా పైకొచ్చింది. కొంగు తీసి తట్ట మీద కప్పుకుంది.

"ఒక్క పూటన్నా నన్నుండనీ అక్కా," అంది.

బెల్లు కొట్టారు.

పెద్దమ్మ సగం కొరికిన మైసూరుపాకు తెచ్చి నా డబ్బాలో పెట్టింది. "తీపి ఎక్కువైందమ్మా. నా దగ్గుకి పడదు," అంది.

మర్నాడు పెద్దమ్మ గింజల గదికి వెళ్ళింది. ఆ మర్నాటి నుంచీ ఎర్రది ఎవరి మీద ఆగినా ఆమెనే రమ్మన్నారు, పని నేర్చుకుంది కదా అని. ఇటు కుప్ప దగ్గర అమ్మ మీద ఎర్రది పొద్దున వెలిగితే సాయంత్రం దాకా కదల్లేదు. కబుర్లన్నీ అమ్మ తల మీదుగా అటూ ఇటూ పోయేవి.

"దొరసానికి మన గుప్పెళ్ళెందుకమ్మా? ఆమె ఫస్టు గదా!"

"కూతురు హైదరాబాదులో ఫస్టు, తల్లి గుంటూరు జిల్లాకి ఫస్టు!"

"కొంగు జాగర్తమ్మోయ్, కాయలు ఎవరన్నా ఎత్తుకుపోతారు!"

అమ్మ మంచినీళ్ళు తాగడం మానేసింది, లేవాల్సొస్తుందని. అన్నం తినకుండా తుంచింది. బొటనవేలు వంగితేగా. గింజలు పేరుకుపోయి ఇంకో మనిషి కావాల్సొచ్చేసరికి, వారం తిరక్కుండా అమ్మని కూడా గింజల గదిలోకే పంపారు. పనికి రావద్దని ఎవరూ అనలేదు. తిట్టనూ లేదు. మానెయ్యమ్మా, నాకు జీతం వస్తుంది కదా అన్నాను. "ఇంట్లో కూర్చుంటే ఓడిపోయానంటారే," అంది.

నా ఉద్యోగం బాగుంది. నిజంగానే చాలా బాగుంది. ఏసీ గది, కిటికీ నిండా ఆకాశం. నేను రంగు మార్చిన మొదటి బటన్‌ని మొన్న తెర మీద పెట్టారు. అదివరకటికంటే ఎక్కువమంది నొక్కుతున్నారని మా లీడరు నన్ను అందరి ముందూ నిలబెట్టి చెప్పింది. చప్పట్లు కొట్టారు. ఆ సంతోషం పట్టలేక వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

గింజల గదిలోంచే ఎత్తింది. జల్లెడ చప్పుడు. నా మాట మొత్తం వింది, "దేవుడు చల్లగా చూశాడే," అంది, తర్వాత చాలాసేపు దగ్గింది. అవతలి మూల ఇంకో దగ్గు వినపడింది.

"పెద్దమ్మా?"

"ఆఁ. మాట్లాడదులే. అటు తిరిగి కూర్చుంటది." జల్లెడ ఆపింది. "ఏమే, ఈ గదిలో దీపాలు పెట్టలేదే. ఎంత జల్లించినా ఎవరు ముందో తెలీట్లా. నువ్వు చదివింది అదే గదా, ఓనరుగారికి ఒక మాట చెప్పగూడదూ?"

మళ్ళీ జల్లెడ అందుకుంటూ తనే అంది.

"ఎర్రది వద్దులే. పచ్చది ఒక్కటి చాలు."