ఐసుపెట్టెలో వచ్చిన రక్తం

గ్రాఫు చూడగానే మా గైడ్ కుర్చీలోంచి లేచారు. "ఇదమ్మా పేపరంటే! ఇంక రాసెయ్యి," అన్నారు. నేను రాయలేదు.

విజయవాడలో అది నా పీహెచ్‌డీ మూడో ఏడు. రక్తంలో తిరిగే నేచురల్ కిల్లర్ కణాల మీద నా పని. వాటిలో రెండు రకాలున్నాయి. ఎక్కువగా ఉండేవి వాపున్న చోటికి వెళ్ళి జబ్బుపడ్డ కణాలను చంపుతాయి. కొద్దిగా ఉండేవి లింఫు గ్రంథుల దారి పడతాయి. శరీరం వదిలే రసాయన సంకేతాలను పట్టుకుని ఈ కణాలను అటో ఇటో నడిపించేవి వాటి పైపొర మీది కీమోకైన్ రిసెప్టర్లు. కీళ్ళవాతం ఉన్నవాళ్ళలో ఆ రిసెప్టర్లలో ఒకటి బాగా తగ్గిందని మా గ్రాఫు చూపించింది.

నా అనుమానం వేరు. రోగుల రక్తం హనుమాన్ జంక్షన్‌లోని క్లినిక్ నుంచి ఐసుపెట్టెలో, బస్సులో వచ్చేది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తం మాత్రం మా ల్యాబు పక్క గదిలోనే తీసి వెంటనే పరీక్షించేవాళ్ళం. మరి తేడా జబ్బుదా, ఐసుదా?

ఒక ఉదయం నర్సుగారి ముందు నేనే చెయ్యి చాపాను. తీసిన రక్తంలో సగం ఐసులో పెట్టి, సగం బల్ల మీద ఉంచాను. మధ్యాహ్నానికి తేలిపోయింది. ఐసులో ఉన్న సగంలో ఆ రిసెప్టర్ పడిపోయింది. నాకు కీళ్ళవాతమేమీ లేదు.

"నీ ఒక్కదాని రక్తంతో ఏం తేలుతుందమ్మా?" అన్నారు గైడ్.

"ఇంకో నలుగురివి కూడా చూశాను సర్. అందరికీ అంతే."

"చూడు, డ్రాఫ్టు నేనే రాశా, జర్నల్‌కి పంపేస్తున్నా."

"నా పేరు తీసేసి పంపండి సర్. పేరెందుకు తీయించుకున్నావని ఎవరడిగినా ఉన్నదే చెబుతా."

అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఆయన చాలా రోజులు నాతో మాట్లాడలేదు, కానీ డ్రాఫ్టు కూడా పంపలేదు.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. ఈసారి హనుమాన్ జంక్షన్‌కు నేనే వెళ్ళాను. అక్కడ మగ్గం నేసే ఒకావిడ, వేళ్ళు వంకర్లు పోయిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని అడిగింది: "పోయినసారి ఇచ్చాం కదమ్మా, మళ్ళీ ఎందుకూ?"

"అప్పుడు మేమే తప్పు చేశామండి. మీ రక్తాన్ని ఐసులో పెట్టి పాడుచేశాం."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "తప్పు చేశామని ఇక్కడికొచ్చి చెప్పినవాళ్ళు లేరమ్మా ఇంతవరకూ," అంటూ చీర కొంగు సర్దుకుని చెయ్యి చాపింది.

ఐసు లేకుండా తెచ్చి పరీక్షిస్తే ఆ తేడా మాయమైంది. నా థీసిస్ ఏడాది ఆలస్యమైంది. నాతో చేరినవాళ్ళు ఉద్యోగాల్లో కుదురుకున్నారు. ఇంట్లో సాకులు చెప్పలేదు, ల్యాబులో తల దించుకోలేదు.

వైవాలో బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ పేజీలు తిప్పుతూ అడిగారు: "అంటే ఇన్నేళ్ళకీ ఏమీ దొరకలేదన్నమాట?"

"లేని తేడాని లేదని తేల్చానండి. రక్తం ఎలా తేవాలో కూడా రాశాను. అది చదివితే ఇంకొకరు ఈ తప్పు చెయ్యరు," అన్నాను.

గైడ్ కాగితాలు సర్దుకుంటూ నావైపు చూడలేదు. నేను మాత్రం తర్వాతి ప్రశ్న కోసం నిటారుగా నిలబడ్డాను.