సంచుల బావ

తప్పు మొదటి ఆదివారమే జరిగిపోయింది. అప్పటికి పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు. అత్తవారింటివాళ్ళంతా మైదానానికి బయల్దేరుతుంటే కొత్తల్లుడు కూడా వెంట వెళ్ళాడు. కాళ్ళకి కొత్త తోలు బూట్లు, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా. అక్కడికి వెళ్ళీ వెళ్ళగానే అందరూ చకచకా బూట్లు మార్చుకుని ఆటలోకి దూకేశారు. ఏం చెయ్యాలో తోచక, ఇతను మర్యాదకి ఒక మాట అన్నాడు. "మీరు ఆడుకోండి, సంచులు నేను చూస్తూ ఉంటాను." మర్యాదకి అన్న మాటని ఎదుటివాళ్ళు మర్యాదగా మర్చిపోవాలా వద్దా? ఆ ఇంట్లోవాళ్ళు మర్చిపోలేదు. ఆ పూట నుంచి సంచుల కాపలా అతని నెత్తిన పడింది. బావమరిది "సంచుల బావ" అని పేరు కూడా పెట్టేశాడు. ఆ పేరు ఎంత దూరం పాకిందంటే, మైదానం గేటు దగ్గర ఉండే కాపలా మనిషి కూడా ఒక వారం ఇతను కనపడకపోతే సంచుల బావగారికి ఒంట్లో బాగాలేదా అని అడిగేవాడు.

అసలు ఉద్యోగం వేరే ఉంది లెండి. కళ్ళజోళ్ళ షాపులో అద్దాలని ఫ్రేముకి సరిపడేలా అరగదీసే పని. వెనక గదిలో, నీళ్ళు చిమ్ముతూ గిర్రున తిరిగే రాయి ముందు నిలబడి, అద్దం అంచుని కొంచెం కొంచెంగా తాకిస్తూ ఉండాలి. ఒక్క రవ్వ ఎక్కువ అరిగిందా, ఆ అద్దం చెత్తబుట్టలోకే. ఆ తర్వాత చీమ తలకాయంత మరలు బిగించాలి. వారమంతా అలా మెడ వంచుకుని బతికినవాడు ఆదివారం ఒక్కపూట కాళ్ళు చాపుకుని కూర్చోవాలనుకుంటే అది దురాశా? ఆ ఇంట్లో మాత్రం దురాశే.

మామగారు డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆయన రిటైరయింది స్కూలు నుంచే కానీ, ఈల నుంచి కాదు. రోజూ పొద్దున్నే పేటలో పిల్లలందరినీ పోగేసి పరుగు నేర్పుతారు. అత్తగారు మోకాలికి పట్టీ కట్టుకుని మరీ షటిల్ ఆడుతుంది. భార్య ఆడపిల్లల స్కూల్లో వాలీబాల్ కోచ్. బావమరిదికి ఈతకొలనులో ఈత నేర్పే ఉద్యోగం, ఇంకా పెళ్ళి కాలేదు. వీళ్ళతో షికారుకి వెళ్ళడం కన్నా షాపులో ఓవర్‌టైమ్ చెయ్యడం సుఖం. చెరువు గట్టుకి వెళితే చెరువు చుట్టూ పరుగు. గుట్ట ఎక్కితే ఎవరు ముందని పందెం. ఒకసారి ఇతను బతిమాలి అందరినీ మ్యూజియంకి తీసుకెళ్ళాడు. అక్కడా లిఫ్టు ఎక్కనివ్వలేదు. ఆ మ్యూజియంలో ఏం చూశారని ఇప్పటికీ ఎవరినైనా అడగండి, మెట్లు బాగున్నాయని చెబుతారు.

ఇల్లంతా మామగారి ఈల మీద నడుస్తుంది. పొడుగ్గా ఒకసారి ఊదితే బయల్దేరాలి. పొట్టిగా ఒకసారి ఊదితే ఆగాలి. పొట్టిపొట్టిగా రెండుసార్లు ఊదితే మంచినీళ్ళు. మంచినీళ్ళంటే ఇంకేముంది, మన సంచుల బావ సంచి భుజాన వేసుకుని వాళ్ళెక్కడుంటే అక్కడికి పరిగెత్తాలి. చదువుతున్న పేపరు ఎక్కడిదక్కడ పడేసి లేచేవాడు. ఒకరోజు షాపు బయట ట్రాఫిక్ పోలీసు రెండుసార్లు ఈల వేస్తే, వెనక గదిలో ఉన్నవాడు అద్దం బల్ల మీద పెట్టేసి భుజం తడుముకున్నాడు. ఓనరు చూసి ఏమిటయ్యా అని నవ్వాడు. అతనికి నవ్వు రాలేదు.

ఇన్నేళ్ళూ ఒళ్ళు మండుతున్నా ఊరుకున్నాడు. ఎవరితో చెప్పుకుంటాడు? కొట్టారా, తిట్టారా? ఆదివారం నీళ్ళు అందించమన్నారని పంచాయితీ పెడితే వినేవాళ్ళు నవ్విపోరూ. ఆ ఓపికని పాడుచేసింది కూతురు.

పిల్లకి తొమ్మిదేళ్ళు. బొమ్మలు బాగా వేస్తుంది, కబుర్లు బాగా చెబుతుంది, పరుగులో మాత్రం వెనకబడుతుంది. తాతగారు దానికి "నత్తమ్మ" అని ముద్దుపేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచినప్పుడల్లా పిల్ల మొహం చూస్తే అందులో ముద్దు ఏపాటిదో తెలిసేది. ఒక ఆదివారం రెండు ఈలలు వినపడ్డాయి. ఇతను పేపరు మడిచేలోపే కూతురు లేచింది. తను మోయలేని సంచిని రెండు చేతులతో ఈడ్చుకుంటూ పరిగెత్తింది. తాతగారు దాని వీపు తట్టి, "శభాష్ నత్తమ్మా, మీ నాన్నని మించిపోయావే," అన్నారు. అందరూ నవ్వారు. పిల్ల కూడా నవ్వింది, ఆ ఇంట్లో మొదటిసారి మెచ్చుకోలు దొరికిన సంతోషంతో.

అది చూస్తూ అతను చేతిలో పేపరు ఉండ చుట్టేశాడు. ఈ సంచులు తనతోనే పోతాయనుకున్నాడు. పిల్లకి కూడా అంటగడుతున్నారా వీళ్ళు? రేపు దానికి పెళ్ళయి పిల్లలు పుట్టినా అక్కడే, ఆ చెట్టు కిందే, సీసాలు సర్దుకుంటూ కూర్చోవాలా? ఆ రాత్రి భార్యతో అంటే, నాన్న సరదాగా అన్నారండీ, మీరు ప్రతిదీ మనసుకి పట్టించుకుంటారు అంది. సరదా. ఆ మాట వింటేనే అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది.

ఆ ఏడు మైదానం వాళ్ళు కొత్తగా కుటుంబాల రిలే పరుగు పెట్టారు. ఒక ఇంటి నుంచి నలుగురు పరిగెత్తాలి. ఒకరి చేతిలోంచి ఒకరు కర్ర అందుకోవాలి. ఆఖరి వంతు మాత్రం పదేళ్ళలోపు పిల్లలదే. భోజనాల దగ్గర మామగారు జట్టు ప్రకటించారు. మొదట తన కూతురు, తర్వాత కొడుకు, ఆ తర్వాత తను. ఆఖర్న, తన దగ్గర పరుగు నేర్చుకుంటున్నవాళ్ళలో ఒక చురుకైన పిల్ల. "మనింటి పిల్లే అని చెబుదాం. ఎవరు చూడొచ్చారు?" అన్నారు, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ.

భార్య తలెత్తలేదు. కంచంలో వేలితో ఏవో గీతలు గీస్తూ ఉండిపోయింది. సొంత మనవరాలు అక్కడే, ఆయన పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. దాని గొంతులో ఏడుపు కూడా లేదు, అదే అతన్ని చంపేసింది. "పర్లేదు తాతయ్యా, నేను సంచులు చూసుకుంటాలే," అంది పిల్ల.

అతను కంచం పక్కకి నెట్టాడు. "ఆఖరి వంతు నా కూతురు పరిగెడుతుంది. దాని ముందు వంతు నేను పరిగెడతాను."

ముందుగా బావమరిది నోరు తెరిచాడు. "మరి సంచులో, బావా?"

అందరికీ నవ్వు పొంగుకొచ్చింది. అతను మాత్రం బిగుసుకుపోయి కూర్చున్నాడు. మామగారు ఏదో అనబోతుంటే అత్తగారు అడ్డుపడింది. ఇంట్లో మనవరాలిని పెట్టుకుని పక్కింటి పిల్లని అరువు తెస్తారా, సిగ్గులేకపోతే సరి అని గట్టిగానే అంది. ఆవిడ గొంతు లేస్తే ఆ ఈల కూడా లోపలికి పోవలసిందే. మామగారు ఒప్పుకున్నారు, మొహం మాత్రం ముడుచుకునే ఉంది.

అక్కణ్ణుంచి సలహాలతో తల ప్రాణం తోకకొచ్చింది. చేతులు అలా విసరకండి అని భార్య. ముక్కుతో ఊపిరి పీల్చమని బావమరిది. ముక్కుతో కాదు, నోటితో అని అత్తగారు. ముందు మడమ సంగతి చూసుకో అల్లుడూ అని మామగారు. ఒకరి మాట వింటే మిగతా ముగ్గురికీ కోపం. షాపు నుంచి వచ్చి, చీకటి పడేదాకా మైదానం చుట్టూ ఒక్కడే పరిగెత్తేవాడు. మర్నాడు పిక్కలు పట్టేసి, షాపు మెట్లు గోడ పట్టుకుని ఎండ్రకాయలా పక్కకి దిగేవాడు. ఎవరైనా కొట్టారా ఏమయ్యా అని ఓనరు ఆరా తీశాడు.

కర్ర అందించడం మాత్రం తండ్రీ కూతుళ్ళు ఇంటి వరండాలో నేర్చుకున్నారు. కర్ర ఎక్కడుంది? షాపు నుంచి తెచ్చిన పొడుగాటి కళ్ళజోడు డబ్బాయే కర్ర. పిల్ల ఎదర నిలబడి, చెయ్యి వెనక్కి చాపాలి. ఇతను వరండా చివర నుంచి పరిగెత్తుకొచ్చి ఆ చేతిలో డబ్బా పెట్టాలి. వెనక్కి తిరిగి చూడకూడదని తాతగారు చెప్పగా విన్నది కాబట్టి పిల్ల మెడ కూడా కదిపేది కాదు.

"నువ్వు నా చేతిలో పెట్టేదాకా నేను కదలను నాన్నా. కింద పడిందంటే నా వల్లే అంటారు."

"ఎందుకు పడుతుంది? నేను తిన్నగా నీ దగ్గరికే వస్తాను కదమ్మా," అన్నాడు.

ఒక సాయంత్రం భార్య వచ్చి పిల్ల బొటనవేలు ఎలా పెట్టాలో సరిచేసింది. వెళ్ళబోతూ ఆగి, ఆ రోజు నాన్న అలా అన్నప్పుడు నేను ఏదో ఒకటి అనాల్సిందండీ అంది. అనలేదుగా అన్నాడతను. అంతకన్నా మెత్తగా మాట్లాడే ఓపిక అతనికి లేదు.

పందెం రోజు మైదానం నిండా జనం. సంచులన్నీ మలుపు దగ్గర చెట్టు కింద పడేశారు. వాటి దగ్గర ఎవరూ లేకపోవడం అతనికే కొత్తగా ఉండి, రెండుసార్లు అటు చూసుకున్నాడు. చూసుకున్నందుకు తన్ను తానే తిట్టుకున్నాడు. అత్తగారు మనవరాలి వెంట ఆఖరి వంతు మొదలయ్యే గీత దగ్గర నిలబడింది. మామగారు మూడో వంతు మొదలయ్యే గీత పక్కన, ఈల పళ్ళ మధ్య పెట్టుకుని తయారు.

భార్య అందరికన్నా ముందొచ్చింది. బావమరిది ఆ దూరాన్ని ఇంకా పెంచి, కర్ర ఇతని చేతిలో పెట్టి గడ్డి మీద వెల్లకిలా పడ్డాడు. ఇతను పరుగు అందుకున్నాడు. చెప్పొద్దూ, బాగానే పరిగెత్తాడు. వెనకవాళ్ళు కొంచెం కొంచెంగా దగ్గరవుతున్నా, ముందున్నది మాత్రం అతనే. మలుపు తిరుగుతుంటే దూరంగా కూతురు కనపడింది. వీపు ఇటు, చెయ్యి వెనక్కి చాపి, మెడ కదపకుండా, వరండాలో నిలబడ్డట్టే నిలబడి ఉంది. అది చూసేసరికి కాళ్ళకి బలం వచ్చింది. ఇంక ఎంత, కాస్త దూరం.

గడ్డి మీద పడున్న బావమరిది దాహం అన్నాడు. మామగారి కళ్ళు పందెం మీదే ఉన్నాయి, చెవి కొడుకు మాట వింది, నోరు అలవాటు చొప్పున పని చేసింది. పొట్టిపొట్టిగా రెండు ఈలలు.

బుర్రకి తెలిసేలోపే కాళ్ళు తిరిగాయి. పరుగు బాట దాటాడు, చెట్టు దగ్గరికి పోయాడు, వంగాడు, సంచి భుజాన వేసుకున్నాడు. పట్టీ మెడకి ఒరుసుకున్నాక గానీ తెలివి రాలేదు. ఒక చేతిలో సంచి పట్టీ, ఇంకో చేతిలో కర్ర. చుట్టూ జనం గొల్లుమంటున్నారు. మిగతా జట్లవాళ్ళు ఒక్కొక్కరే ఎదర నుంచి సాగిపోతున్నారు.

సంచి కింద పడెయ్యాలన్న ఆలోచన కూడా రాలేదు. దాంతోనే పరిగెత్తాడు, సీసాలు గలగలమంటూ నడుముకి కొట్టుకుంటుంటే. కూతురు పక్కన పిల్లలంతా వెళ్ళిపోయారు. గీత మీద అదొక్కతే ఉంది. అంత నవ్వు వినపడుతున్నా వెనక్కి తిరగలేదు, చాపిన చెయ్యి దించలేదు. ఆ చేతిలో కర్ర పెట్టాడు. అప్పుడు తిరిగి చూసింది, అతని మొహం, భుజం మీద సంచి. ఏమీ అనకుండా పరుగు మొదలుపెట్టింది. మైదానంలో ఒంటరిగా, అందరూ చేరిపోయాక.

మామగారు గబగబా వచ్చారు. "చేతిలో ఉన్న పందెం సంచిలో వేసుకుని పోయావు కదయ్యా అల్లుడూ." భార్య కూడా పరుగున వచ్చి, అటెందుకు వెళ్ళారని నిలదీసింది. బావమరిది మాత్రం ఎప్పటిలాగే ఇతని భుజం మీది సంచిలోకి చెయ్యి పెట్టి, సీసా తీసుకుని తాగుతున్నాడు.

"మీ నాన్న పిలిచారు, వెళ్ళాను," అన్నాడతను.

"నేను నిన్నెందుకు పిలుస్తాను? పిల్లాడు దాహమంటే నీళ్ళకి ఊదాను."

"ఇన్నేళ్ళూ ఆ ఈలకి నీళ్ళు వాటంతటవే నడిచొచ్చాయా, మావయ్యా?"

బావమరిది తాగుతున్నవాడు సీసా దించాడు. మామగారు కొడుకు చేతిలో సీసా వంక, అల్లుడి భుజం వంక చూశారు. అతను ఇన్నేళ్ళుగా అరుద్దామనుకున్న మాటలు ఇంకా ఎన్నో ఉన్నాయి. కోపం తీరలేదు. తీరకపోగా ఏడుపొచ్చేలా ఉంది.

అంతలో కూతురు వచ్చింది, రొప్పుకుంటూ, చెమటతో, కర్ర రెండు చేతులతో గుండెకి అదుముకుని. ఇంకెవరి వైపూ చూడలేదు.

"నేను కింద పడెయ్యలేదు నాన్నా," అంది.

అతను సంచి భుజం మీంచి తీసి గడ్డి మీద పెట్టాడు. పిల్ల చెయ్యి పట్టుకుని గేటు వైపు నడిచాడు. వెనక నుంచి భార్య పిలిచింది, తర్వాత వస్తానని చేత్తో సైగ చేశాడు. గేటు దగ్గర కాపలా మనిషి ఇతని ఖాళీ భుజం చూసి, సంచులేవండీ బావగారూ అని అడగబోయి, మొహం చూసి మానేశాడు.

గేటులో అడుగు పెట్టారో లేదో, వెనక మైదానంలోంచి పొట్టిపొట్టిగా రెండు ఈలలు వినపడ్డాయి. ఇంకెవరికో దాహం వేసినట్టుంది. అతని భుజం దానంతటదే కదిలింది. చేతిలో ఉన్న చిన్న చెయ్యి కూడా కదిలింది. పిల్ల ఆగిపోయి, ఒక కాలు అప్పుడే వెనక్కి తిప్పింది.

అతను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"మనల్ని కాదమ్మా," అన్నాడు.