మూడు పేజీల అర్జీ

నేను చెబుతుంటే పక్కింటి అమ్మాయి రాస్తోంది. నాకు బస్సు బోర్డు మీది అక్షరాలు కూడబలుక్కుంటే వస్తాయి, అంతే. ఉన్నదున్నట్టు రాయమ్మా, నగిషీలు పెట్టకు అని ముందే చెప్పాను. ఎందుకో వినండి.

ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని ఊరంతా ఆశపడుతున్న రోజులు. రేవులో ఓడలకు ఇనుపరాయి ఎత్తే ఒక కాంట్రాక్టరు దగ్గర నా పెనిమిటి కూలి. ఒకరోజు పట్టపగలు, పనిలో ఉండగానే, నిచ్చెన మీద కాలు జారి ఓడ కడుపులో పడ్డాడు. తల పగిలింది. ఆసుపత్రికి చేరకుండానే పోయాడు. ఇంటికి తెచ్చినప్పుడు చెవుల్లో కూడా ఆ ఎర్రధూళి ఉంది. నేనే తుడిచాను.

పనిలో ప్రాణం పోతే ఇంట్లో ఒకరికి పని ఇవ్వడం ఆ కాంట్రాక్టరు ఆనవాయితీ. ఆఫీసు చిమ్మే పనైనా చాలు, ఇద్దరాడపిల్లలూ నేనూ బతుకుతాం. కానీ పెద్దకర్మ అయ్యేదాకా నేను గడప దాటకూడదు. అందుకని మా మరిది వెళ్లి, పాతపోస్టాఫీసు దగ్గర అర్జీలు రాసే ముసలాయన చేత మూడు పేజీలు రాయించుకొచ్చి చదివి వినిపించాడు.

"మహారాజశ్రీ, దయార్ద్రహృదయులు, పేదలపాలిటి కల్పవృక్షములు అగు అయ్యవారి దివ్యసముఖమునకు..." ఒక పేజీ నిండా దణ్ణాలే. ఆ తర్వాత, "నా ప్రాణనాథుడు దైవవశమున స్వర్గస్థులైనారు."

నాకు ఏడుపు ఆగలేదు. నిజం చెప్పాలి, అందులో కొంత సంతోషం కూడా ఉంది. బతికినన్నాళ్లూ "ఒరే" అనిపించుకున్న మనిషిని ఎవరో "అయినారు" అన్నారు.

"పడిపోనాడని రాయలేదేటి?" అని ఒక్కసారి అడిగాను.

"అలాగ రాత్తే ఆల మీద ఫిర్యాదు సేసినట్టుంటాదంట వదినా. సావు మాట మొరటుగా రాయకూడదంట. పెద్దపెద్దోల్లకి రాసినోడు, మనకేటి తెలుసు?" అన్నాడు మరిది.

వేలిముద్ర వేశాను.

రెండు నెలలు తిరిగాక ఆఫీసు గుమస్తా పిలిచాడు. "మూడు పేజీలూ సదివేనమ్మా. ఎక్కడ పోనాడో, ఎలాగ పోనాడో ఒక్క ముక్క లేదు. గుండెనొప్పని ఇంటికెళ్లిపోనాడని మా మేస్త్రీ రాసిచ్చేడు. నువ్వూ దైవవశమనే అంటన్నావు. రెండూ సరిపోయేయి."

"గుండినొప్పేటి బాబూ! ఓడలో పడి సచ్చిపోనాడు. నాను రగతం తుడిసినాను."

"మరదే రాయించాలి కదా."

చూసిన జట్టువాళ్లను సాక్ష్యం రమ్మన్నాను. వాళ్లకూ పిల్లలున్నారు, ఎవరూ రాలేదు. చివరికి నేనే ముసలాయన దగ్గరికి పోయాను.

"ఈసారి రెండే రెండు మాటలు రాయి తాతా."

"రెండు మాటలా? అదేటి, అర్జీయా టెలిగ్రామా?"

"సావు కబురే కదా, టెలిగ్రామే అనుకో."

మూతి ముడుచుకునే రాశాడు. నా భర్త మీ పనిలో ఉండగా ఓడలో పడి చచ్చిపోయాడు, నాకు పని ఇవ్వండి. అంతే.

దానికి పేజీ నిండా జవాబు టైపు చేసి పంపారు. గుమస్తాయే చదివిపెట్టాడు. "తమ విన్నపమును అత్యంత సానుభూతితో పరిశీలించిన మీదట, పూర్వపు అర్జీతో పొసగని కారణమున..."

"ఇత్తారా, ఇవ్వరా బాబూ?"

"ఇవ్వరమ్మా."

"ఈ ముక్కకి అంత కాయితమెందుకు?"

ఆయన నవ్వలేదు. ఒకే దారంతో కుట్టిన నా రెండు అర్జీలూ తిప్పి చూపించాడు. "రెండిటికీ నీ వేలిముద్రే. ఏది నమ్మమంటావు?"

మేస్త్రీ ఎదురుపడితే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని. నా వేలిముద్రను నేనేమని అడగను? లేచి వచ్చేశాను.

కొన్నాళ్లకు ఆ కాంట్రాక్టరు ఆఫీసే ఎత్తేశారు. ఇంక అడగడానికి ఎవరూ లేరు. ఆ కాగితాల్లో మాత్రం మా ఆయన దేవుడి దయవల్లే పోయాడు.