అగ్గిపెట్టె మీద కుడిపైట

పంతొమ్మిది వందల ముప్పైల నడిమి సంవత్సరాల్లో నేను కోవిల్‌పట్టి రైలు స్టేషనుకు కాస్త ఎడంగా ఉన్న ఒక అచ్చాఫీసులో అగ్గిపెట్టెల మీద అంటించే లేబుళ్ళు గీసేవాణ్ణి. ఆ చుట్టుపక్కలంతా అగ్గిపెట్టెల కార్ఖానాలు పుట్టగొడుగుల్లా లేస్తున్న కాలం. లోపలి పుల్లలు అందరివీ ఒకటే, తేడా అంతా పైన బొమ్మలోనే. కొనేవాళ్ళలో చాలామందికి అక్షరం రాదు. కోడిపెట్టె ఇవ్వు, ఓడపెట్టె ఇవ్వు అని బొమ్మ పేరు చెప్పి అడుగుతారు. అందుకని ప్రతి వ్యాపారికీ ఒక బొమ్మ కావాలి. ఆ బొమ్మలు గీసే గదిలో మేము ముగ్గురం. మా గురువు, ఆయన దగ్గర పదేళ్ళుగా ఉన్న ఒక మధురై ఆయన, నేను. గురువును అందరం వాద్యారు అనేవాళ్ళం. అక్కడ పంతులుగారిని అలాగే పిలుస్తారు.

బొమ్మలు గీయడం అన్నాను గాని, మేము చేసేది అచ్చంగా దొంగతనం. స్వీడన్ నుంచీ జపాన్ నుంచీ వచ్చిన పెట్టెల మీది లేబుళ్ళను నీళ్ళలో నానబెట్టి ఊడదీసేవాళ్ళం. ఆ ఓడకు ఇంకో తెరచాప, ఆ పులికి ఇంకో నాలుగు చారలు తగిలించి మాది అనిపించేవాళ్ళం. రెండేళ్ళలో నేను గీసిన పులులు ఏ అడవిలోనూ ఉండవు. అసలు నేను పులిని చూసిందే లేదు.

మొదట్లో సరదాగానే ఉండేది. తరవాత తరవాత చేతులు పని చేస్తున్నా ఒళ్ళంతా చీమలు పాకినట్టుండేది. అందరిమీదా విసుక్కునేవాణ్ణి. మధురై ఆయన పనిచేస్తూ కూనిరాగం తీస్తే కుంచె విసిరి అవతల పడేయాలనిపించేది. ఆయన మంచివాడు, అదే నాకు మరీ కోపం. పత్తి ఏరాల్సిన చేతులకు కుంచె ఏమిటని నాన్న రెండేళ్ళుగా నాతో సరిగా మాట్లాడటం లేదు. సొంతంగా ఒక్క బొమ్మ గీసి ఉంటే ఆయనకు ఏదో ఒక జవాబు చెప్పేవాణ్ణి. ఇంకొకరి పులిని చూపించి ఏం చెప్పను?

అలా ఉండగా ఒకరోజు విరుదునగర్ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. మిరపకాయలు, పప్పుదినుసుల బేరంలో బాగా సంపాదించి కొత్తగా అగ్గిపెట్టెల కార్ఖానా పెడుతున్నాడు. ఊరందరి దగ్గరా ఉన్న బొమ్మ తనకు వద్దన్నాడు. ఎవరూ వేయని బొమ్మ కావాలి, ముసలమ్మ కూడా నోటితో అడగగలిగేలా ఉండాలి, పది రోజుల్లో వచ్చి చూస్తాను అన్నాడు. ఆయన వెళ్ళాక వాద్యారు మా ఇద్దరినీ పిలిచాడు. ఇద్దరూ గీయండి, ఎవరి బొమ్మ నిలిస్తే వాళ్ళకు ఇకమీద నకళ్ళ పని ఉండదు, సొంత బొమ్మలే గీసుకోవచ్చు అన్నాడు. ఆయన మాట్లాడేదంతా అరవమే. నేను తెలుగు చేసి చెబుతున్నాను.

ఆ మాట విన్నది మొదలు నాకు కాలు నిలవలేదు. నెమలి గీశాను. వాద్యారు చూసి, మధురై పెట్టెల మీద నెమళ్ళు మందలు మందలుగా ఉన్నాయి అన్నాడు. రైలు గీశాను. అందులో కూర్చుని నువ్వే వెళ్ళిపో అన్నాడు. పగిలిన పత్తికాయ గీస్తే కాసేపు తల అటూ ఇటూ తిప్పి, ఇది పుర్రెలా ఉంది, దీపం పెట్టే ఇంట్లోకి పుర్రెను పంపిస్తావా అన్నాడు. మధురై ఆయన రెండో రోజుకే తొండం ఎత్తిన ఏనుగును ముగించి, దానికి అంబారీ పెట్టనా వద్దా అని తీరిగ్గా ఆలోచిస్తున్నాడు. నేను కాలు కాలిన పిల్లిలా స్టేషనుకూ అచ్చాఫీసుకూ మధ్య తిరిగాను.

నాలుగో రోజు ఏమీ తోచక రైలెక్కి విరుదునగర్ వెళ్ళాను. బజారులో ఒక చిల్లర కొట్టు ఎదుట, మిరపకాయల ఘాటుకు తుమ్ముతూ, పూటంతా నిలబడ్డాను. అగ్గిపెట్టె కొనడానికి వచ్చేవాళ్ళు ఎక్కువగా ఆడవాళ్ళే. ఒకామె పులి పెట్టె చేతిలోకి తీసుకుని, దీన్ని చూస్తే చంటిది ఏడుస్తుంది, కోడిది ఇవ్వమని మార్చుకుంది. నాకు దొరికింది అంతే. దాంతో బొమ్మ ఏమీ తట్టలేదు సరికదా, రెండేళ్ళుగా గీసిన పులులన్నిటి మీదా కసి పుట్టింది.

శనివారం సాయంత్రం ఊరికి నడిచాను. మా ఊరు ఎట్టయాపురం దారిలో, నల్లరేగడి మెట్టచేల మధ్య. మా పెద్దలు ఎన్ని తరాల కిందట తెలుగుసీమ నుంచి దిగివచ్చారో మాకే తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. చాలా అనడానికి రొంబ, అవును అనడానికి ఆమా, ఒత్తి చెప్పాలంటే మాట చివర దా, ఇలా అరవం మా తెలుగులోకీ వచ్చేసింది. బడిలో నేర్పిందీ అరవమే. ఈ తెలుగు అక్షరాలు నేను పెద్దయ్యాక పంతం పట్టి నేర్చుకున్నవి. ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అమ్మ వసారాలో దీపం పెట్టబోతోంది.

అమ్మ అగ్గిపుల్లను ఊరికే గీసే మనిషి కాదు. పొయ్యికి నిప్పు పక్కింటి నుంచి పిడక మీద తెచ్చుకునేది. దీపానికి మాత్రం అడిగి తెచ్చిన నిప్పు పనికిరాదని పట్టు. కాబట్టి రోజుకు ఒక్కటే పుల్ల. మా ఊళ్ళో గాలికి అడ్డూ ఆపూ లేదు, ఆ ఒక్క పుల్లా ఆరకూడదు. ఆమె పుల్ల గీసి, ఎడమ అరచేయి అడ్డం పెట్టి, ఊపిరి బిగబట్టి ప్రమిద మీదికి వంగింది. వెలుగు అరచేతి నుంచి ఎర్రగా ఆమె ముఖం మీద పడింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే గాని ఆ రోజే కంటికి ఆనింది.

“అమ్మా, అట్లనే ఉండు!” అని అరిచాను.

“పుల్ల వేలిని కాలుస్తా ఉండాది, ఉండేదేందిరా?” అని ఆమె దీపం ముట్టించి పుల్ల పారేసింది.

బతిమాలి మళ్ళీ వంగోబెట్టి, వెలిగించని పుల్ల ఒకటి చేతికిచ్చి, సంచిలోంచి కాగితం తీశాను.

“రొంబ బాగుండాది నీ పని. కన్నతల్లిని బొమ్మ మాదిరి నిలబెట్టినావు,” అంది.

“నిన్ను అగ్గిపెట్టి మీద ఏస్తానమ్మా. మదురై దాకా పోతావు.”

“నా మొగమును ఎవురురా దుడ్డిచ్చి కొనేది?” అంది గాని, జుట్టు సవరించుకుంది. కుడిభుజం మీది పైట సర్దుకుంది.

మా ఇళ్ళలో ఆడవాళ్ళు పైట కుడిభుజం మీద వేస్తారు. కోవిల్‌పట్టిలో, విరుదునగర్‌లో, నేను చూసిన పట్నాలన్నిటిలో ఎడమభుజమే. ఏ తిరునాళ్ళలోనైనా దూరం నుంచి కుడిపైట కనపడితే మనవాళ్ళు అని పోల్చుకునేవాళ్ళం. మర్నాడు పొద్దున నేను లేచేసరికే, నా కొడుకు నన్ను పెట్టె మీద వేస్తున్నాడని అమ్మ నీళ్ళ బావి దగ్గర అందరికీ చెప్పేసింది. నాన్న కూడా ఆ రోజు నా వైపు రెండుసార్లు చూశాడు.

సోమవారం నుంచి రాయి మీద కూర్చున్నాను. మాది రాతి అచ్చు. నున్నగా అరగదీసిన బండ మీద జిడ్డు సిరాతో గీస్తాం, దాని మీద కాగితం పరిచి ఒత్తుతారు. కాబట్టి అద్దంలో కనపడినట్టు అంతా తిప్పి గీయాలి. కుడి చేయి ఎడమ కావాలి, అక్షరాలు వెనక్కి నడవాలి. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు తిప్పడం మరిచిపోవడమే. చేరిన కొత్తలో నేనూ ఎడమచేత్తో దీవించే దేవుణ్ణి గీసి తిట్లు తిన్నవాణ్ణే. అందుకే ఈసారి పక్కన అద్దం పెట్టుకుని ప్రతి గీతనూ అందులో సరిచూసుకున్నాను. పసుపుకు ఒక రాయి, ఎరుపుకు ఒకటి, నలుపుకు ఒకటి. అన్నం తినడం కూడా విసుగనిపించింది. ఆ నాలుగు రోజులూ నేను ఎవరిమీదా విసుక్కోలేదని తరవాత మధురై ఆయనే చెప్పాడు.

వ్యాపారి వచ్చిన రోజున రెండు బొమ్మలూ అచ్చు తీసి బల్ల మీద పెట్టారు. ఏనుగును ఆయన ఒకసారి చూసి పక్కకు జరిపాడు. నా కాగితాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు. ఇది అడగడానికి ఎవరికీ కష్టముండదు, దీపమ్మ పెట్టె అంటారు, ఇదే నాది అన్నాడు. ఆయన ఆ మాట అనగానే నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అంతలో ఆయన కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుని ముఖం చిట్లించాడు.

“ఇదేమిటి, పైట అటు ఉంది? కుర్రాడు రాయి మీద తిప్పడం మరిచిపోయాడే!”

వాద్యారు చూశాడు. మధురై ఆయనా వచ్చి చూసి, పాపం నవ్వకుండా ఉండటానికి ప్రయత్నించాడు. నాకు ఒళ్ళు మండింది.

“తిప్పడం మరిచిపోతే అక్షరాలు తిన్నగా ఎలా పడతాయి? పుల్ల కుడిచేతిలో ఎలా ఉంటుంది? మా ఇళ్ళలో ఆడవాళ్ళ పైట అటే. మా అమ్మ పైట అటే. ఇందులో తప్పు ఏమీ లేదు!” అని గొంతు చించుకున్నాను.

వ్యాపారి కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు సులువయ్యేది. “నువ్వు చెప్పేది నిజమే కావచ్చు తమ్ముడూ,” అన్నాడు. “కాని ఇప్పుడు నేనన్న మాటే బజారులో ప్రతివాడూ అంటాడు. అచ్చు తప్పు పడ్డ పెట్టె అంటాడు. పక్క కార్ఖానావాడు దాన్నే పాటగా పాడతాడు. ప్రతి పెట్టెతో పాటు నిన్ను కూడా పంపించి ఈ సంగతి చెప్పించమంటావా?”

వాద్యారు గీకుడు కత్తి తీసి నా పక్కన పెట్టాడు. పైట మారిస్తే నా బొమ్మ, లేదంటే ఏనుగు. వ్యాపారి కాఫీ తాగడానికి బయటికి వెళ్ళాడు, వచ్చేలోగా చెప్పమన్నాడు.

ఒక భుజం నుంచి ఇంకో భుజానికి గుడ్డ మారితే ఏం పోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. ముఖం ఆమెదే, చేయి ఆమెదే, ఆ వెలుగు నేను చూసిన వెలుగే. ఏనుగు గెలిస్తే మళ్ళీ పులులు. ఆ ఆలోచన వచ్చాక నా చేయి ఆగలేదు. నల్ల రాయి మీదా, ఎర్ర రాయి మీదా పైటను గీకేసి, అవతలి భుజం మీద మళ్ళీ గీశాను. వ్యాపారి తిరిగొచ్చి నా వీపు తట్టాడు. ఆ పూట మధురై ఆయన నాకు హల్వా కొనిపెట్టాడు. నాకు సంతోషంగానే ఉందని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

దీపమ్మ పెట్టె బాగా పోయింది. వాద్యారు మాట తప్పలేదు, నాకు ఇక నకలు ఇవ్వలేదు. అయినా నేను ఊరికి వెళ్ళడం వాయిదా వేస్తూ వచ్చాను. పని ఉందనేవాణ్ణి. చివరికి అమ్మే ఎవరి చేతనో కబురు పంపింది, ఆ పెట్టె ఏదీ అని. ఇక తప్పక ఒక డజను పెట్టెల కట్ట పట్టుకుని వెళ్ళాను.

అమ్మ చేతులు తుడుచుకుని ఒక పెట్టె తీసుకుంది. కంటికి దూరంగా పట్టుకుని చూసింది. వెలుతురులోకి వచ్చి మళ్ళీ చూసింది. బావి దగ్గరి ఆడవాళ్ళు అప్పటికే ఇద్దరు ముగ్గురు మా వాకిట్లో చేరారు.

“మొగము నా మాదిరిదా ఉండాది,” అంది మెల్లగా. “పైట ఏంటికిరా ఇట్ల ఉండాది? ఎవురో పట్నపామె మాదిరి. ఇది నేను కాదే.”

వాకిట్లో ఒకామె తొంగిచూసి, “ఆమా, ఇది మన అక్క కాదు, అరవామె,” అంది ఇంకొకామెతో.

వ్యాపారి అడిగాడని చెప్పొచ్చు. నిన్ను తీసేయకుండా ఉండటానికి పైట తీసేశానని చెప్పొచ్చు. అది పైకి అంటే ఎలా వినపడుతుందో నాకు తెలుసు. వసారా చివర నాన్న కూర్చుని ఉన్నాడు, వింటున్నాడు.

“రాతి మీద తిప్పి గీయాలమ్మా,” అన్నాను. “నేను మరిచిపోయినాను. తప్పు పడిపోయింది.”

అమ్మ నా ముఖంలోకి చూసింది. నేను బాధపడుతున్నానని గ్రహించింది, దేనికో మాత్రం తెలియదు.

“పోనీలే నాయినా. పని నేర్చుకునేటప్పుడు తప్పు రాక ఉంటాదా? మళ్ళ గీసేటప్పుడు సరిగా గీస్తువు,” అని నా తల నిమిరింది.

తరవాత వాకిట్లోకి వెళ్ళి, “నేనేదా అది. నా కొడుకు ఇప్పుడుదా పని నేర్చుకుంటా ఉండాడు, రాతిలో తిప్పేది మరిచిపోయినాడంట,” అని వచ్చినవాళ్ళకు వచ్చినట్టు చెప్పసాగింది. అచ్చాఫీసులో తప్పు లేదని అంత గొంతు చించుకున్నవాణ్ణి, లోపల చాప మీద కూర్చుని, చీకటి పడేదాకా ఆమె నా తప్పుకు సర్దిచెప్పడం వింటూ ఉండిపోయాను.