నంబర్ రాగానే తిప్పేసేవాడు

నిన్న పొద్దున కొత్తగూడెం నుంచి ఫోన్. సదానందం తమ్ముడు.

"అన్నా, మా అన్న పోయిండే."

ఏ అన్న అని అడిగాను. అతనికి ఉన్నది ఒక్కడే అన్న. తెలిసే అడిగాను.

సెలవు మీద ఊరికి వచ్చాడు. ఇంట్లో టిఫిన్ తింటూ కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. హార్ట్ ఎటాక్. దవాఖానాకు చేర్చేలోపే అయిపోయింది.

రిపోర్టర్‌గా ఏ చావు వార్తనూ రెండు చోట్ల కన్ఫర్మ్ చేసుకోకుండా రాయలేదు.

నిన్న రెండో ఫోన్ చేయడానికి చెయ్యి రాలేదు.

తెలియనివాళ్ల కోసం. కెప్టెన్ సదానందం గని కార్మికుడి కొడుకు. కొత్తగూడెం క్వార్టర్స్‌లో మాది పక్కిల్లు, బడిలో ఒకే బెంచీ. నేను పేపర్లోకి వచ్చాను, వాడు ప్యాసింజర్ విమానాలు నడిపాడు.

విమానంలో ఫ్యూయల్ లెక్క వాడు నాకు చెప్పిన తీరు ఇది.

చేరాల్సిన ఊరికి కొంత. అక్కడ దిగలేకపోతే ఇంకో ఊరికి వెళ్లడానికి కొంత. ఆ ఊరి మీద కూడా అరగంట తిరిగేంత. ఆ అరగంటది వాడకుండానే నేల మీదికి రావాలి. మబ్బు పట్టేలా ఉంటే కెప్టెన్ ఇష్టం మీద ఇంకొంత.

అలాగని ఊరికే నింపుకునేవాడు కాదు. "బరువు మోసేటందుకు గూడ నూనె కాలుతది రా" అనేవాడు.

వాడి పద్ధతి ఒక్కటే. బయల్దేరేముందే కో-పైలట్‌కు ఒక నంబర్ చెప్పేవాడు. ఫ్యూయల్ ఆ నంబర్‌కు వస్తే ఇక చర్చ లేదు, రెండో ఊరికి తిప్పేయడమే. తలకాయ చల్లగా ఉన్నప్పుడే నిర్ణయం తీసుకోవాలని వాడి నమ్మకం.

కారులో కూడా అంతే.

ఒకసారి భద్రాచలం దాటి అడవి రోడ్డులో పోతున్నాం, మేమిద్దరమే. బంకు దగ్గర రష్ ఉందని పెట్రోల్ పోయించలేదు. ముల్లు ఫలానా గీతకు వస్తే వెనక్కి అని భద్రాచలంలోనే చెప్పాడు. వచ్చింది. బండి తిప్పాడు.

"అరే, ముందటూర్ల బంకున్నది రా!"

"తెరిచి ఉన్నదా?"

"ఉంటది."

"ఉంటది అంటే నూనె గాదు."

"గాలిల ఉన్నమా ఏంది? ఆగితే దిగి నూకుదం!"

"నువ్వు నూకుతవ్. నేను స్టీరింగ్ పట్టుకుంట."

మర్నాడు అదే దారిలో వెళ్లి కనుక్కున్నాం. బంకు ముందురోజంతా తెరిచే ఉందట. చూసినవా అన్నాను. "నిన్న మనకు తెల్వదు గదా" అన్నాడు. ముఖంలో రవ్వంత మార్పు లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

కొన్నేళ్ల కింద ఒక ఎండాకాలం, వాళ్ల నాయినకు ఊపిరి అందక హైదరాబాద్ దవాఖానాలో చేర్చారు. డాక్టర్లు ఆశ వదిలేశారు. ఆ కబురు వాడికి ఢిల్లీలో అందింది. ఆ సాయంత్రం వాడి ఫ్లైట్ హైదరాబాద్‌కే. ఆఫీసుకు విషయం చెప్పాడు, నడపగలనన్నాడు.

కో-పైలట్‌కు నంబర్ చెబుతూ ఇంకో మాట అన్నాడు. "మా నాయిన ఆఖరి మీద ఉన్నడు. ఆ నంబర్ వచ్చినప్పుడు నువ్వే గట్టిగ చెప్పు. నేను ఇంకొంచెం సేపు చూద్దమంటే నా మాట వినకు."

హైదరాబాద్ మీద గాలివాన. రన్‌వే మూశారు. ఎక్స్‌ట్రా ఫ్యూయల్ ఉన్నంతసేపు పైన తిరిగారు. కాసేపట్లో తెరవొచ్చు అని కింది నుంచి మాట. తెరుస్తాం అని కాదు, తెరవొచ్చు అని.

కో-పైలట్ నంబర్ చెప్పాడు.

సదానందం మారుమాట లేకుండా విజయవాడకు తిప్పాడు. ఈ ముక్క ఆ కో-పైలట్‌నే అడిగి రూఢి చేసుకున్నాను.

వీళ్లు విజయవాడ దారిలో ఉండగానే హైదరాబాద్ తెరిచారు. వెనక వచ్చిన విమానాలు దిగాయి.

విజయవాడలో జనం మండిపడ్డారు. ఒకాయన డోర్ దగ్గర నిలబడి, "ఏం కెప్టెన్ గారూ, విజయవాడలో మీ చుట్టాలున్నారా?" అన్నాడట.

"లేరండీ. ఉన్నోళ్లు హైదరాబాద్‌లనే ఉన్నరు" అని నవ్వాడట వీడు.

ఫ్యూయల్ నింపుకునేసరికి వాన మళ్లీ మొదలైంది, క్రూ డ్యూటీ టైమ్ అయిపోయింది. ప్రయాణికులకు బస్సులు వచ్చేదాకా ఉండి, వాడు కిరాయి కారు మాట్లాడుకున్నాడు.

తెల్లవారి దవాఖానాలో నేనూ ఉన్నాను. వాళ్ల నాయిన మెలకువగానే ఉన్నాడు. గనిలో ఆయన పని, పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వినడం. బోలుగా మోగితే అందరినీ బయటికి పంపాలి.

"నాయినా, నేను తిప్పినంక జల్దీనే తెరిచిన్రే. ఆగుంటే రాత్రే వస్తుంటి."

ముసలాయన గాలి కూడదీసుకుని అన్నాడు. "కప్పు బోలుగ మోగితే బయటికొస్తం. బయటికొచ్చినంక అది కూలలేదని ఎవడన్న ఏడుస్తడార?"

ఆ వెంటనే, "చాయ్ తాగినవా?" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన పోయాడు.

చాలా రోజుల తర్వాత సదానందాన్ని అడిగాను. మీ నాయిన ఆఖరి చూపు అందకపోయి ఉంటే?

ఎక్కువ ఆలోచించలేదు.

"అప్పుడు గూడ విజయవాడనే."

ఇవాళ నిన్ను సాగనంపి వచ్చాం, సదా. ఆ రోజు నీ వెనక కూర్చుని తిట్టుకున్నవాళ్లంతా ఎవరిళ్లకు వాళ్లు క్షేమంగా చేరారు. వాళ్లలో చాలామందికి నీ పేరు తెలియదు.

నెమ్మదిగా నిద్రపోరా.