షెహజాది ఖీమా బన్ను

షెహజాది కర్నూలు ఆడపిల్లల బడిలో తొమ్మిదేళ్లు తెలుగు చెప్పింది. సిడ్నీలోని పెండిల్ హిల్‌కి వచ్చాక ఆ తెలుగు వినే దిక్కు మొగుడు ఉబైద్ ఒక్కడే మిగిలాడు. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ, పోట్లాడుకునేది మాత్రం తెలుగు. ఉర్దూలో ఎంత కోపమొచ్చినా మొగుణ్ణి ‘ఆప్’ అనక తప్పదు. తెలుగులో ఆ మర్యాద అక్కర్లేదని ఆమె పెళ్లైన కొత్తలోనే తేల్చుకుంది.

1999 జులైలో అలాంటి తెలుగు ఘట్టం ఒకటి వచ్చింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ దాన్ని పంతొమ్మిది వందలనుకుని మూలన పడతాయని లోకం హడలిపోతున్న రోజులవి. ఉబైద్ ఒక బీమా కంపెనీలో పాత ప్రోగ్రాములు తవ్వి, రెండంకెల సంవత్సరాల్ని నాలుగంకెలు చేసేవాడు. ఆ టీములోకి అమెరికా నుంచి డేల్ అనే కన్సల్టెంటు వచ్చాడు. ఆరడుగుల మనిషి, ఆపైన ఇంటిబెంగ. ఒకరోజు వాళ్లమ్మ చేసే ‘స్లాపీ జో’ గుర్తొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంటే, ఉబైద్ చూడలేక, మా ఆవిడ చేస్తుంది, ఆదివారం రమ్మన్నాడు.

“అదేందో నీకు తెలుసునా?” అంది షెహజాది.

“తెలీదు. తినేదే.”

“తినేదని ఎట్ల తెలుసు?”

“అంత పెద్ద మనిషి ఏడ్చినాడు కదా. తిండికి కాకుంటే దేనికి ఏడుస్తాడు?”

మర్నాడు షెహజాది పక్క ఫ్లాట్లో ఉండే మార్గరెట్ తలుపు తట్టి, ఆదివారానికి నాకో స్లాపీ జో కావాలి, మీకు తెలుసా అని అడిగింది. డెబ్బై రెండేళ్ల మార్గరెట్ ఆమె పల్చటి చుడీదారును కిందినుంచి పైకి చూసి, జాలిపడి, లోపల్నుంచి రెండు బూడిదరంగు చొక్కాలు తెచ్చి చేతిలో పెట్టింది. వదులుగా, దుప్పటంత మందంగా ఉన్నాయి. ఆస్ట్రేలియాలో స్లాపీ జో అంటే చలికి వేసుకునే ఆ చొక్కాయే.

అమెరికావాడు దీనికోసం ఏడవడమేమిటో షెహజాదికి అంతుబట్టలేదు. జులై అక్కడ చలికాలం కనక ఒకటి తను తొడుక్కుంది. రెండోది ఇస్త్రీ చేసి డేల్ కోసం పక్కనపెట్టింది.

శుక్రవారం ఉబైద్ అసలు సంగతి కనుక్కొచ్చాడు. గొడ్డుమాంసం ఖీమాని టమాటాలో ఉడికించి బన్నులో వదులుగా కూరతారట. తింటుంటే సగం కింద పడుతుందట.

“బన్నులో ఖీమా అని చెప్పేదానికి అమెరికా నుంచి మనిషి రావల్నా?” అంది షెహజాది.

శనివారం మెరీల్యాండ్స్‌లో లెబనీస్ కసాయి దగ్గర కిలోన్నర ఖీమా తెచ్చింది. ఆదివారం ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, అల్లం వెల్లుల్లి, పసుపు, పచ్చిమిర్చి, టమాటాలు వేసి, నూనె పైకి తేలేదాకా మగ్గించి, దించేముందు పుదీనా చల్లింది. బన్నుల్ని పెనం మీద వెన్నతో కాల్చింది.

డేల్‌తోపాటు పిలవకపోయినా కేశవరావు కూడా వచ్చాడు. అదే టీము, తెనాలి మనిషి. ఇంట్లో భార్య శ్యామసుందరి కోడిగుడ్డు కూడా రానివ్వదు.

“ఇదేం మాంసం చెల్లెమ్మా?”

“చెప్పమంటారా?”

“వద్దులే. తిన్నాక చెబుదువుగాని.”

తిన్నాక ఆమె చెప్పబోతే, ఇంకోటి తిన్నాక అన్నాడు.

డేల్ మొదటి ముక్క నమిలి, ఇది స్లాపీ జో కాదు అని నిజాయితీగా చెప్పేశాడు. ముక్కు కారుతుండగా నాలుగు బన్నులు తిన్నాడు. మరి మీ అమ్మ ఎలా చేసేదని షెహజాది అడిగింది. సీసాలో టమాటా సాసు, ఆవాల ముద్ద, బెల్లంరంగు చక్కెర అన్నాడు.

షెహజాది కేశవరావు వైపు తిరిగింది. “వాళ్లమ్మ మీద ప్రేమతో ఏడ్చినాడనుకుంటి. వంట తలచుకుని ఏడ్చినాడన్నమాట.”

కేశవరావు నవ్వబోయి పొలమారాడు. చేతిలో బన్ను విచ్చుకుని ఖీమా అంతా తెల్లచొక్కా మీద పడింది. ఆ పసుపు మరకతో ఇంటికెళ్లడం కుదరదు. ఇస్త్రీ చేసి పెట్టిన స్లాపీ జో తొడుక్కుని వెళ్లాడు.

గంట తిరక్కుండా శ్యామసుందరి ఫోను చేసింది. “మా ఆయన ఒంటిమీదున్న చొక్కా ఎవరిదండీ?”

“మార్గరెట్‌ది.”

“మార్గరెట్ ఎవరు?”

“డెబ్బై రెండేళ్ల ముసలమ్మ.”

“అయితే ఆయన అక్కడ తిన్నదేమిటి?”

“బన్ను,” అని షెహజాది ఫోను పెట్టేసింది. ఆరోజంతా తలచుకుని నవ్వుకుంది. ఈ దేశానికొచ్చాక అంతగా నవ్వడం అదే మొదలు.

రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ మూలన పడలేదు, వాటిని కాపాడినవాళ్లే పడ్డారు. ఫిబ్రవరిలో కాంట్రాక్టులు ముగిశాయి. డేల్ అమెరికా వెళ్లిపోయాడు, కేశవరావు మెల్‌బోర్న్ చేరాడు, ఉబైద్ సోఫా చేరాడు. బడి క్యాంటీనులో మనిషి కావాలట అని మార్గరెట్ చెబితే షెహజాది వెళ్లి చేరింది. తెలుగు ఎమ్మే చదివిన ఆమె పొద్దుటినుంచీ మాంసం కూరిన కజ్జికాయల్లాంటి పై‌లు వేడిచేసి, పిల్లల చేత ‘ప్లీజ్’ అనిపించి మరీ ఇచ్చేది. మొదటివారం కాస్త నామోషీ అనిపించింది. రెండో వారానికి పిల్లలు వరసలో నిలబడడం నేర్చుకున్నారు. మళ్లీ తనొక బడిలో ఉన్నట్టు అనిపించింది.

తారీఖుల గోల పోయి, జులై నుంచి దేశంలో రాబోయే కొత్త పన్ను గోల మొదలైంది. దానికీ ప్రోగ్రాములు దిద్దాలి కనక మే నెలలో ఉబైద్‌కి మళ్లీ ఉద్యోగం దొరికింది. ఆ సాయంత్రం దర్జాగా చెప్పాడు.

“ఇంక నువ్వు క్యాంటీను మానెయ్యొచ్చు.”

“నేనెందుకు మానాల?” అంది షెహజాది, అచ్చ తెలుగులో. “నాది శాశ్వతమైన ఉద్యోగం. నీదెన్ని నెలలో కనుక్కొని రా, మాట్లాడుకుందాం.”